పౌల్‌నబ్రోన్ రాతి సమాధి: ఆ నాలుగు రాళ్ళ దగ్గర ఏం చూడాలి?

అడిగిన ప్రశ్న ఇది: "మేం డబ్లిన్‌లో ఉంటాం. క్లిఫ్స్ ఆఫ్ మోహర్ చూడ్డానికి టూర్ బస్సులో వెళ్తుంటే దారిలో పౌల్‌నబ్రోన్ అనే చోట కాసేపు ఆపారు. ఐదారు వేల ఏళ్ళ నాటి సమాధి అన్నారు. మాకైతే నాలుగు రాళ్ళు, వాటి మీద ఒక బండ తప్ప ఏమీ కనబడలేదు. అంత బండ ఎలా ఎత్తారు? అది ఎవరి సమాధి, రాజుదా? మన వైపు రాకాసి గుళ్ళు అంటారే, వాటికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? అమ్మానాన్న వస్తున్నారు, వాళ్ళని తీసుకెళ్ళే విలువ ఉందా?"

తప్పకుండా తీసుకెళ్ళండి. ఎందుకో చెబుతాను, కాస్త పెద్ద సమాధానమే అవుతుంది. నేను పురావస్తు శాస్త్రం చదువుకుని కొన్నేళ్ళుగా ఐర్లండ్‌లోనే తవ్వకాల్లో పనిచేస్తున్నాను. పౌల్‌నబ్రోన్ గురించి ఎవరు అడిగినా మొదట పైనున్న బండ గురించే అడుగుతారు. ఫొటోలో పడేది అదే కాబట్టి అది సహజం. కానీ ఇలాంటి కట్టడాలు ఈ దేశంలో 170కి పైగా ఉన్నాయి. బండ పరిమాణమే లెక్కయితే కార్లో పట్టణం పక్కన పొలంలో ఉన్న బ్రౌన్స్‌హిల్ ముందు ఇది చాలా చిన్నది. అక్కడి కప్పు బండ వంద టన్నులకు పైనే ఉంటుందని అంచనా. పౌల్‌నబ్రోన్‌కి అంత పేరు రావడానికి అసలు కారణం దాని లోపల దొరికిన మనుషులు. వాళ్ళ గురించి తెలిస్తే మీకు ఆ రాళ్ళు వేరేగా కనబడతాయి.

ముందు ఆ నేల గురించి నాలుగు మాటలు. ఆ ప్రాంతాన్ని బరెన్ అంటారు, కౌంటీ క్లేర్ ఉత్తర భాగంలో ఉంటుంది. కనుచూపు మేర బూడిద రంగు సున్నపురాయి. సుమారు 33 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ వెచ్చని సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్నదే ఈ రాయి. తర్వాత మంచు యుగంలో హిమానీనదాలు పైనున్న మట్టిని గీకేసి పోయాయి. వాన నీళ్ళు రాతిలోని బీటల్ని కరిగిస్తూ కరిగిస్తూ లోతైన సందులు చేశాయి. వాటిని అక్కడ గ్రైక్‌లు అంటారు. కొన్ని మోకాలి లోతు, కొన్ని నడుము లోతు ఉంటాయి. ఆ సందులు ఈ కథలో మళ్ళీ వస్తాయి, గుర్తు పెట్టుకోండి. సమాధి కట్టిన కాలంలో ఈ నేల ఇంత బోడిగా ఉండేది కాదు. పుప్పొడి అవశేషాలను బట్టి చూస్తే పైన్, హేజెల్ లాంటి చెట్లు పెరిగేంత మట్టి ఉండేది. చెట్లు కొట్టి, పశువుల్ని మేపి, వేల ఏళ్ళపాటు వాడుకున్నాక మట్టి కొట్టుకుపోయి రాయి బయటపడింది. అంటే మీరు ఫొటో తీసిన ఆ ఎడారిలాంటి దృశ్యాన్ని కట్టినవాళ్ళు చూసి ఉండరు.

ఇక కట్టడం. ముందువైపు రెండు నిలువు రాళ్ళు సుమారు 1.8 మీటర్ల ఎత్తుంటాయి. అవి గుమ్మానికి రెండు పక్కల నిలబెట్టిన రాళ్ళు, అందుకే ఈ రకం సమాధుల్ని పోర్టల్ టూంబ్ అంటారు. గుమ్మం ఉత్తరం వైపుకి ఉంది. దానికి అడ్డంగా నేల మీద ఒక చిన్న రాయి, అచ్చంగా మన గడపలాగే ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు దాన్ని వెతకండి, సమాధి చుట్టూ కట్టిన తాడు అవతలి నుంచి కూడా కనబడుతుంది. పక్కల్లోనూ వెనకా మరికొన్ని రాళ్ళు గోడలుగా నిలబడి ఉన్నాయి. పైన కప్పు బండ దాదాపు 4 మీటర్ల పొడవు, 2 నుంచి 3 మీటర్ల వెడల్పు, మందం మాత్రం 30 సెంటీమీటర్లే. అంత పలచగా ఉండటం వల్లే దూరం నుంచి చూస్తే గాల్లోకి లేవబోతున్నట్టు కనబడుతుంది. చుట్టూ సుమారు 9 మీటర్ల వెడల్పున రాళ్ళు పోసిన దిబ్బ ఉంది. ఇప్పుడది గడ్డిలో కలిసిపోయి, చెబితే తప్ప తెలియనంత పల్చగా ఉంటుంది.

ఇక్కడ చాలామంది గైడ్లు కూడా చెప్పే ఒక మాట సరిచేయాలి. 'మొదట్లో ఇదంతా మట్టితోనో రాళ్ళతోనో పూర్తిగా కప్పేసి ఉండేది, కాలక్రమంలో పైపొర పోయి అస్థిపంజరంలా రాళ్ళు మిగిలాయి' అంటారు. వేరే రకం సమాధుల విషయంలో అది నిజం. పౌల్‌నబ్రోన్ విషయంలో కాదు. తవ్వకంలో తేలిందేమిటంటే ఆ దిబ్బ అప్పుడు కూడా ఇంతకన్నా పెద్ద ఎత్తు లేదు. నిలువు రాళ్ళు కదలకుండా అడుగున దన్నుగా ఉండటానికే దాన్ని పోశారు. కాబట్టి ఆ గుమ్మమూ ఆ బండా మొదటి రోజు నుంచీ అందరికీ కనబడేట్టుగానే కట్టారు.

తవ్వకం ఎలా మొదలైందో కూడా చెప్పాలి. 1985లో తూర్పు వైపు గుమ్మపు రాయికి పగులు కనబడింది. అది ఒరిగిపోతే బండ మొత్తం కిందకి వచ్చేస్తుంది. మరమ్మతు చేయాలంటే కప్పు దించాలి, దించాలంటే ముందు లోపలున్నది ఏమిటో శాస్త్రీయంగా నమోదు చేయాలి. అలా 1986లోనూ 1988లోనూ పురావస్తు శాస్త్రవేత్త ఆన్ లించ్ నాయకత్వంలో తవ్వకం జరిగింది. పగిలిన రాయి స్థానంలో కొత్త రాయి పెట్టి, బండను మళ్ళీ దాని మీదికి చేర్చారు. అందువల్ల ఈరోజు మీరు చూసే తూర్పు గుమ్మపు రాయి 1980లలో నిలబెట్టినది. పశ్చిమం వైపుది మాత్రం పాతదే. పూర్తి నివేదిక 2014లో వచ్చింది. తవ్వకానికీ నివేదికకీ మధ్య అన్నేళ్ళు పట్టిందేమని అడిగేవాళ్ళుంటారు. వేల కొద్దీ ఎముక ముక్కల్ని ఒక్కొక్కటిగా చూసి, కాలం కట్టి, ఏ ముక్క ఎవరిదో తేల్చడం అంత నిదానమైన పని. ఆ ఓపికే లేకపోతే కింద నేను చెప్పబోయేదేదీ మనకు తెలిసేది కాదు.

బండ ఎలా ఎత్తారన్న ప్రశ్నకి వద్దాం. ఆ కొలతల్ని బట్టి లెక్కేస్తే బరువు ఐదు నుంచి ఎనిమిది టన్నుల మధ్య ఉండొచ్చు. ఇక్కడ రాయే సగం పని చేసిపెట్టింది. మన తాండూరు, బేతంచెర్ల నాపరాళ్ళు పొరలు పొరలుగా లేచినట్టే బరెన్ సున్నపురాయి కూడా పొరల వెంబడి లేస్తుంది. దానికితోడు ఆ గ్రైక్‌లు నేలను ముందే పలకలుగా కోసిపెట్టాయి. సరైన పలకను చూసుకుని, సందులో దుంగలు దూర్చి మీటితే పైకి లేస్తుంది. లోహం అవసరం లేదు, అప్పట్లో లోహం తెలియదు కూడా. లేచిన పలకను దుంగల మీద తాళ్ళతో లాగడం, నిలువు రాళ్ళ వెనక రాళ్ళతో వాలుగా ర్యాంపు పేర్చి దాని మీదుగా పైకి చేర్చడం అన్నది ఒక పద్ధతి. ఒక్కో పక్క కాస్త మీటి ఎత్తి, కింద దుంగలు దూర్చి, రెండో పక్క మీటడం ఇంకో పద్ధతి. వీటిలో ఏది వాడారో చెప్పే గుర్తులు అక్కడ మిగల్లేదు. రెండూ కొన్ని పదుల మంది కలిసి చేయగలిగినవే. నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది వేరే ఉంది. మామూలు నేలలో గొయ్యి తీసి రాయిని పాతుతారు. ఇక్కడ కింద గట్టి బండ కాబట్టి అంత లోతుగా పాతే వీల్లేదు. ఆ నిలువు రాళ్ళు రాతి నేల మీదే బరువు సరిచూసుకుని, చుట్టూ పోసిన రాళ్ళ దన్నుతో దాదాపు 5,800 ఏళ్ళు నిలబడ్డాయి. కట్టినవాళ్ళకి బరువు ఎటు దిగుతుందో క్షుణ్ణంగా తెలుసు.

ఇప్పుడు అసలు విషయం, ఎముకలు.

ఐర్లండ్‌లో చాలాచోట్ల మట్టికి ఆమ్ల గుణం ఎక్కువ. అందులో ఎముక నిలవదు, కరిగిపోతుంది. అందుకే మిగతా పోర్టల్ టూంబ్‌లలో ఎక్కువ వాటిలో కుండ పెంకులో, కాలిన ఎముకల పొడో తప్ప మనుషులు దొరకరు. బరెన్‌లో సున్నపురాయి ఆ ఆమ్లాన్ని చంపేస్తుంది. పైగా లోపలి గదికి అడుగున కూడా ఆ గ్రైక్‌లే ఉన్నాయి. పైనుంచి జారిన ఎముకలు, పళ్ళు, పూసలు ఆ సందుల్లోకి దిగి భద్రంగా ఉండిపోయాయి. తవ్వినవాళ్ళకి అక్కడ 30 మందికి పైగా మనుషుల అవశేషాలు దొరికాయి. ఆడవాళ్ళు, మగవాళ్ళు, చిన్నపిల్లలు, పసికందులు అందరూ ఉన్నారు. ఏ ఒక్కరూ పూర్తి అస్థిపంజరంగా లేరు. ఎముకలన్నీ విడివిడిగా, ఒకరివి ఒకరితో కలిసిపోయి ఉన్నాయి.

దాన్ని చూసి మొదట్లో, శవాలను వేరే ఎక్కడో పెట్టి, మాంసమంతా పోయాక ఎముకల్ని మాత్రమే ఇక్కడికి తెచ్చి ఉంటారని అనుకున్నారు. తర్వాత ఎముకల్ని మళ్ళీ పరిశీలించినవాళ్ళు ఇంకో వైపు మొగ్గారు. చేతివేళ్ళ, కాలివేళ్ళ ఎముకల్లాంటి చిన్నవి కూడా ఉండటం అందుకు ఒక ఆధారం. ఎముకలు ఏరుకుని మోసుకొచ్చేవాళ్ళు అలాంటి చిన్నవాటిని సాధారణంగా వదిలేస్తారు. అంటే చాలామందిని నేరుగా ఇక్కడే పెట్టారు, శరీరం ఇక్కడే శిథిలమైంది, ఆ తర్వాత బతికున్నవాళ్ళు లోపలికి వచ్చి ఎముకల్ని కదిపారు, పక్కకి జరిపారు, సందుల్లోకి దూర్చారు. కొన్ని ఎముకల మీద కాలిన గుర్తులు కూడా ఉన్నాయి, అవి ఎండిపోయాక మంట తగిలినవి. ఈ రెండో వివరణే నాకు సబబుగా అనిపిస్తుంది. మూసేసి వదిలేసిన సమాధి కాదిది. జనం తిరిగి తిరిగి వచ్చి తమ చనిపోయినవాళ్ళతో ఏదో ఒకటి చేస్తూ ఉన్న చోటు.

ఎంతకాలం అలా వచ్చారు? కార్బన్ పరీక్షల ప్రకారం సుమారు క్రీ.పూ. 3800 నుంచి క్రీ.పూ. 3200 వరకు, అంటే 600 ఏళ్ళు. ఇప్పుడు చిన్న లెక్క వేయండి. 600 ఏళ్ళలో 30 మందికి కాస్త పైన. సగటున దాదాపు 20 ఏళ్ళకి ఒకరు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ 600 ఏళ్ళలో ఎన్ని వందల మంది చనిపోయి ఉంటారు? వాళ్ళలో అతి కొద్దిమంది మాత్రమే ఇక్కడికి చేరారు. మిగతావాళ్ళని ఏం చేశారో చెప్పే ఆనవాళ్ళు ఈ సమాధిలో లేవు. కాబట్టి దీన్ని ఊరి శ్మశానంగా చూడకూడదు. ఎంచి పెట్టిన చోటు ఇది. ఆ ఎంపిక దేన్నిబట్టి జరిగిందన్నదే పౌల్‌నబ్రోన్ మన ముందు పెట్టే అసలు ప్రశ్న. ఇన్నేళ్ళుగా నన్ను ఈ రాళ్ళ దగ్గరికి లాక్కెళ్ళేది కూడా అదే.

గొప్పవాళ్ళు కాబట్టి ఎంచారా? ఎముకలు అలా చెప్పట్లేదు. పెద్దవాళ్ళలో ఎక్కువమంది 30 దాటకుండానే పోయారు. 40 దాటినవారు ఒక్కరే అని మొదటి పరిశీలనలో తేలింది. మెడ, భుజాల దగ్గర కీళ్ళు అరిగిపోయి ఉన్నాయి. రోజూ బరువులు మోసినవాళ్ళకి వచ్చే అరుగుదల అది. పిల్లల పళ్ళ మీద పింగాణీ సరిగా ఏర్పడని గీతలున్నాయి. పళ్ళు వచ్చే వయసులో తిండి చాలకపోతేనో జబ్బు చేస్తేనో అలా పడతాయి. సముద్రం అక్కడికి పెద్ద దూరం లేదు, అయినా ఎముకల్లోని రసాయన గుర్తుల ప్రకారం వాళ్ళు చేపలు తిని బతికినవాళ్ళు కాదు. నేల మీద పండిందీ, పశువుల నుంచి వచ్చిందే వాళ్ళ తిండి. ఒకరి పుర్రెకీ, ఒకరి పక్కటెముకకీ దెబ్బ తగిలి మానిన గుర్తులున్నాయి. ఇంకొకరి తుంటి ఎముకలో రాతి బాణం ములికి కొస విరిగి ఇరుక్కుపోయి ఉంది. దాని చుట్టూ ఎముక మానలేదు. అంటే అది తగిలాక ఆ మనిషి ఎక్కువ రోజులు బతకలేదు. ఆ ములికి ముక్క వేలిగోరు కన్నా పెద్దదేం కాదు. కానీ తొలి రైతుల కాలం ప్రశాంతంగా గడిచిందని అనుకునేవాళ్ళకి అదొక్కటి చాలు.

వాళ్ళతోపాటు పెట్టిన వస్తువులు కూడా భారీవేం కావు. నున్నగా సానపట్టిన రాతి గొడ్డలి, ఎముకతో చేసిన ఒక లాకెట్, రాతి పూసలు, పలుగురాయి స్ఫటికాలు, చెకుముకి రాతి పనిముట్లు, కుండ పెంకులు. 600 ఏళ్ళకి అంతే. బంగారం లేదు, ఎందుకంటే ఆ కాలానికి ఈ దేశంలో బంగారం పనే తెలియదు.

ఒకే ఇంటివాళ్ళు కాబట్టి ఎంచారా? దీనికి సమాధానం 2020లో వచ్చింది. ట్రినిటీ కాలేజ్ డబ్లిన్‌లో లారా కాసిడీ, డాన్ బ్రాడ్లీ బృందం ఐర్లండ్ రాతి సమాధుల్లోని మనుషుల డీఎన్‌ఏ చదివి నేచర్ పత్రికలో ప్రచురించింది. అందులో పౌల్‌నబ్రోన్ వాళ్ళూ ఉన్నారు. తల్లీబిడ్డలు, అన్నదమ్ముల్లాంటి దగ్గరి బంధుత్వం వాళ్ళ మధ్య కనబడలేదు. ఒక చిన్న కుటుంబం తమకోసం కట్టుకున్న సమాధి అన్న ఊహ దాంతో నిలబడలేదు.

ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి బయటపడింది. అక్కడున్న పసివాళ్ళలో ఒక మగబిడ్డకి డౌన్ సిండ్రోమ్ ఉంది. సుమారు 5,500 ఏళ్ళ కిందటి బిడ్డ. డీఎన్‌ఏ ద్వారా నిర్ధారించిన డౌన్ సిండ్రోమ్ కేసుల్లో ఇది అత్యంత పాతవాటిలో ఒకటి. బిడ్డ ఎముకల్లోని నైట్రోజన్ పాళ్ళు చూస్తే తల్లిపాలు తాగినట్టు తెలుస్తోంది. అంటే పుట్టగానే వదిలేయలేదు, పాలిచ్చి పెంచారు. బతకనప్పుడు దాదాపు 20 ఏళ్ళకి ఒకరికి మాత్రమే దక్కే చోటులో పెట్టారు. బిడ్డ తేడాగా ఉన్నందువల్లే అక్కడ పెట్టారా, లేక ఆ తేడాను పట్టించుకోకుండా పెట్టారా అన్నది చెప్పలేం. ఏ కారణంతో అయినా, ఆ బిడ్డని తమవాళ్ళలో ఒకడిగానే లెక్కవేశారు. మీ అమ్మానాన్నలకి అక్కడ ఒక్క విషయమే చెప్పే టైం ఉంటే ఇది చెప్పండి.

రాజుదా అని అడిగారు కదా. ఆ ఆలోచన బహుశా న్యూగ్రేంజ్ గురించిన వార్తల నుంచి వచ్చి ఉంటుంది. బాయిన్ నది పక్కనున్న న్యూగ్రేంజ్ కూడా రాతి సమాధే కానీ రకం వేరు. దాన్ని పాసేజ్ టూంబ్ అంటారు. క్రీ.పూ. 3200 ప్రాంతంలో, పౌల్‌నబ్రోన్ వాడకం ముగుస్తున్న రోజుల్లో కట్టారు. పెద్ద దిబ్బ, లోపలికి 19 మీటర్ల సన్నని దారి, డిసెంబరు 21 ప్రాంతంలో సూర్యోదయపు వెలుగు లోపలి గది దాకా పడేట్టు గుమ్మం పైన ప్రత్యేకంగా ఒక సందు. అక్కడ దొరికిన ఒక పురుషుడి డీఎన్‌ఏ కూడా 2020 పరిశోధనలోనే ఉంది. అతని తల్లిదండ్రులు తోబుట్టువులో, లేదా కన్నవారు-బిడ్డ వరసవాళ్ళో అయి ఉండాలని తేలింది. ప్రాచీన ఈజిప్టు రాజవంశాల్లో అలాంటి పెళ్ళిళ్ళు ఉండేవి కాబట్టి, ఇతనూ దేవుడితో సమానంగా చూసిన పాలక వంశం వాడై ఉండొచ్చని ఆ బృందం అంది. పత్రికలు దాన్ని 'రాజు' చేసేశాయి. 2025లో జెస్సికా స్మిత్, నీల్ కార్లిన్ తదితర పురావస్తు శాస్త్రవేత్తలు దీన్ని గట్టిగా ప్రశ్నించారు. ఒక్క పుర్రె ముక్కను పట్టుకుని రాజవంశాన్ని ఊహించడం సరికాదని, మిగతా ఆధారాలేవీ అలాంటి పాలకుల్ని చూపట్లేదని వాళ్ళ వాదన. నేను వాళ్ళ పక్షమే. ఇక పౌల్‌నబ్రోన్ విషయానికొస్తే, అక్కడ రాజరికం అనదగ్గ ఆనవాలు ఒక్కటీ లేదు.

వీళ్ళు ఎవరంటే, ఐర్లండ్‌లో తొలి రైతులు. వీళ్ళ పూర్వీకుల మూలాలు ఇప్పటి టర్కీ ఉన్న అనటోలియా వైపు తేలాయి. తరతరాలుగా యూరప్ గుండా వస్తూ వస్తూ పడవల్లో ఈ దీవికి చేరారు. గోధుమ, బార్లీ విత్తనాలు, పశువులు, గొర్రెలు కూడా వాళ్ళతోపాటే వచ్చాయి, అంతకుముందు ఇక్కడ అవి లేవు. ఇళ్ళు మాత్రం చెక్కతో కట్టుకున్నారు, అవి ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. సమాధిని రాతితో కట్టారు. ఇంకో సంగతి చెబితే చాలామంది ఐరిష్ మిత్రులే ఆశ్చర్యపోతారు. ఈనాటి ఐర్లండ్ జనం చాలావరకు వీళ్ళ వారసులు కారు. క్రీ.పూ. 2400 తర్వాత లోహపు పని తెలిసిన కొత్త జనం వచ్చారు, ఇప్పటివాళ్ళ జన్యువుల్లో ఎక్కువ భాగం వాళ్ళది. ఆ కాలంలో కట్టినవే వెడ్జ్ టూంబ్‌లు అనే మరో రకం రాతి సమాధులు. బరెన్‌లో అవి పదుల సంఖ్యలో ఉన్నాయి. పౌల్‌నబ్రోన్‌కి దగ్గర్లోని గ్లెనిన్‌షీన్‌లో రోడ్డు పక్కనే కనబడతాయి. కొత్తవాళ్ళకీ ఆ పాత గుమ్మం మీద గౌరవం పోలేదు. క్రీ.పూ. 1750 నుంచి 1420 మధ్య ఎవరో అప్పుడే పుట్టిన ఒక బిడ్డని తెచ్చి గుమ్మపు రాళ్ళ దగ్గర పూడ్చిపెట్టారు. లోపలివాళ్ళు చనిపోయి అప్పటికే వెయ్యేళ్ళు దాటింది.

మన రాకాసి గుళ్ళ సంగతి. నేరుగా ఏ సంబంధమూ లేదు. రూపం మాత్రం నిజంగానే దగ్గరగా ఉంటుంది. ములుగు జిల్లా దామరవాయి అడవిలో, భద్రాద్రి జిల్లా జానంపేటలో ఉన్న రాతి గూళ్ళు చూసినవాళ్ళెవరికైనా ఆ పోలిక తట్టకుండా ఉండదు. నాలుగు పక్కలా పలకలు, పైన పెద్ద బండ. కానీ మనవి ఇనుప యుగానివి, ఎక్కువ భాగం క్రీ.పూ. మొదటి సహస్రాబ్దివి. వాటిలో ఇనుప పనిముట్లు, నలుపు-ఎరుపు కుండలు దొరుకుతాయి. పౌల్‌నబ్రోన్ వాటికన్నా రెండు వేల ఏళ్ళకు పైగా పాతది, లోహం ఊసే లేని కాలానిది. పెద్ద రాళ్ళతో కట్టిందల్లా కొత్త రాతి యుగానిదే అనుకోవడం వల్ల ఈ గందరగోళం వస్తుంది. తెలుగు నేల మీద కొత్త రాతి యుగం వాళ్ళు వదిలిన పెద్ద గుర్తులు బూడిద దిబ్బలు. పాలమూరు వైపు ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వి, అవి పశువుల దొడ్ల పేడ కాలి ఏర్పడ్డవని చూపించాడు. వాళ్ళు చనిపోయినవాళ్ళని రాతి గూళ్ళలో పెట్టలేదు, చాలావరకు ఊళ్ళోనే, ఇళ్ళ దగ్గరే పూడ్చుకున్నారు. పలకలుగా లేచే రాయి దొరికిన చోట, చనిపోయినవాళ్ళకి శాశ్వతమైన ఇల్లు కట్టాలనుకున్నప్పుడు, వేర్వేరు దేశాల్లో వేర్వేరు కాలాల్లో మనుషులకి ఒకే రూపం తట్టింది. పోలిక అంతవరకే. ఆ తర్వాతి తరాలు కథలల్లిన తీరు కూడా ఒకటే: మన దగ్గర రాక్షసులు, పాండవులు కట్టారన్నారు; ఇక్కడ ఇంటి నుంచి పారిపోయిన డియర్మడ్, గ్రానియా అనే ప్రేమజంట రాత్రికొక చోట పడుకున్న మంచాలన్నారు.

వెళ్ళడం గురించి. వీలైతే టూర్ బస్సు వద్దు, కారు తీసుకోండి. డబ్లిన్ నుంచి గాల్వే మీదుగా బాలీవాన్ ఊరికి వచ్చి, అక్కడి నుంచి ఆర్480 రోడ్డు పట్టుకుంటే మూడు గంటలకు అటూఇటూ ప్రయాణం. టికెట్ లేదు. ఉదయం పెందలాడే, లేదా సాయంత్రం బస్సులు వెళ్ళిపోయాక చేరండి. ఎండాకాలంలో ఇక్కడ పొద్దు చాలాసేపు ఉంటుంది కాబట్టి సాయంత్రమే మేలు. మే నెలయితే రాతి సందుల్లో నీలం రంగు జెంషన్ పూలు పూస్తాయి, అమ్మకి నచ్చుతాయి. పెద్దవాళ్ళకి గట్టి పట్టున్న బూట్లు వేయించండి. వాన పడితే ఆ రాయి జారుతుంది, గ్రైక్‌లో కాలు పడితే మడమ తిరుగుతుంది. మోకాళ్ళ నొప్పులుంటే కార్ పార్క్ నుంచి వచ్చే దారి చివర ఆగినా సమాధి బాగానే కనబడుతుంది. చలిగాలి మాత్రం ఏ నెలలోనైనా ఉంటుంది, స్వెటర్లు మరిచిపోవద్దు.

తాడు దాటి లోపలికి వెళ్ళొద్దు. చుట్టుపక్కల మీకు చిన్న చిన్న రాళ్ళ గోపురాలు, బుల్లి డాల్మెన్‌లు (ఈ సమాధిలాంటి రాతి గూళ్ళు) కనబడతాయి. అవన్నీ వచ్చిపోయేవాళ్ళు సరదాగా పేర్చినవి. పిల్లలు తామూ పేరుస్తామంటే దయచేసి ఆపండి. ఆ రాళ్ళని ఎక్కడి నుంచో ఊడదీయాలి, ఆ ఊడదీసిన చోట సందులో బతికే మొక్క చస్తుంది. వందల ఏళ్ళుగా కదలని రాతి నేల చెదిరిపోతుంది. సమాధికి చెందిన దిబ్బ రాళ్ళేవో, టూరిస్టులు తెచ్చి పడేసినవేవో తర్వాత పరిశీలించేవాళ్ళకి తేల్చడం కష్టమవుతుంది. ఇక్కడ దెబ్బతిన్నది మళ్ళీ అలాగే తిరిగి రాదు.

ఇంకో రోజు చేతిలో ఉంటే డబ్లిన్ నుంచి గంట దూరంలోని న్యూగ్రేంజ్ కూడా చూపించండి, దానికి టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి. లోపలికి వెళ్ళే దారి బాగా ఇరుకు, ఇరుకు చోట్లలో టెన్షన్ పడేవాళ్ళకి కష్టం. పెద్దవాళ్ళకి ఆ సంగతి బయల్దేరే ముందే చెప్పండి. డబ్లిన్‌లోనే కిల్డేర్ స్ట్రీట్ మ్యూజియంలో గ్లెనిన్‌షీన్ బంగారు కంఠాభరణం ఉంది, ప్రవేశం ఉచితం. అది పౌల్‌నబ్రోన్ కన్నా చాలా తర్వాతి కాలానిది, 1932లో ఆ చుట్టుపక్కలే ఒక గ్రైక్‌లో దొరికింది. రెండిట్లో ఒక్కదానికే వీలైతే, గొప్ప కట్టడం చూడాలనుకుంటే న్యూగ్రేంజ్‌కి వెళ్ళండి, మనుషుల్ని తెలుసుకోవాలనుకుంటే పౌల్‌నబ్రోన్‌కి వెళ్ళండి. నా ఓటు రెండోదానికే. తేదీ ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ రోజుకి దగ్గర్లో పార్క్‌నబినియా లాంటి జనం రాని సమాధులు ఏ దారిలో చూడొచ్చో చెబుతాను.